థర్మల్స్‌లో ఆర్‌సీ గ్లైడర్ ఎగరేయడం: తిరుపతి, చిత్తూరు వైపు కొత్తవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున మేం ఆర్‌సీ గ్లైడర్లు, అంటే చేతిలో రేడియో రిమోట్ పట్టుకొని నడిపే చిన్న విమానాలు, ఎగరేసే బీడు దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా అడిగేవి ఇవే, ఫోన్ చేసినా ఇవే, వాట్సాప్‌లో రాత్రి 11 గంటలకు వచ్చేవీ ఇవే. చెప్పిందే చెప్పడం నాకేం విసుగు కాదు గానీ ఎండలో నిలబడి పైకి చూస్తా సగం సగం చెప్తే వినేవాళ్ళకూ సగమే గుర్తుంటుంది, అందుకే తీరిగ్గా కూర్చొని రాసినా. మీరు ఏ స్టేజ్‌లో ఉంటే అక్కడికే నేరుగా పోయి చదువుకోండి, ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమయ్యేట్టు పెట్టినా.

## కొనకముందు

మోటార్ ఆపేసినాక కూడా అరగంట గాల్లో ఉంటుందంటే నమ్మేదెట్లా?

గ్లైడర్ ఎప్పుడూ కిందికే జారుతా ఉంటుంది. మంచి 2 మీటర్ల ఫోమ్ గ్లైడర్ నిలకడ గాల్లో సెకనుకు అర మీటరు కంటే కొంచెం ఎక్కువ దిగుతుంది, అంటే 100 మీటర్ల ఎత్తులో మోటార్ ఆపితే రెండున్నర, మూడు నిమిషాల్లో నేల మీదుంటుంది. కానీ అది జారే గాలే పైకి పోతా ఉంటే? అన్నానికి ఎసరు పెట్టినప్పుడు చూడండి, గిన్నె అడుగున అక్కడొకటి ఇక్కడొకటి బుడగ విడిపోయి పైకొస్తుంది గదా, ఎండకు కాగిన నేల మీద గాలి కూడా అట్లానే ముద్దగా విడిపోయి లేస్తుంది. అదే థర్మల్. ఆ గాలి సెకనుకు 2 మీటర్లు లేస్తా ఉంటే మన మోడల్ అందులో అర మీటరు జారినా మొత్తం మీద మీటరున్నర పైకే పోతుంది. గద్ద రెక్క ఆడించకుండా తిరిగేది కూడా ఇదే గాలిలో.

నేను డ్రోన్ బాగా ఎగరేస్తా, ఇది రెండ్రోజుల్లో వచ్చేస్తుంది గదా?

చేతికి స్టిక్ అలవాటు ఉంటుంది కాబట్టి భయం తక్కువ, అంతవరకు లాభమే. కానీ డ్రోన్‌లో స్టిక్ వదిలేస్తే లోపలుండే కంప్యూటర్ దాన్ని ఉన్నచోటే నిలబెడుతుంది, గ్లైడర్ నిలబడదు, ముందుకు పోతా ఉంటేనే అది ఎగిరేది, స్పీడ్ పోయిందంటే స్టాల్ అయ్యి (రెక్కకు మోసే బలం పోయి) ముక్కు కిందికి పడిపోతుంది. ఇంకోటి, డ్రోన్ వాళ్ళకు వేళ్ళు ఊరికే ఉండవు, గ్లైడర్‌లో స్టిక్ కదిపిన ప్రతిసారీ కొంచెం ఎత్తు ఖర్చవుతుంది. వేలు కదలకుండా 10 సెకన్లు మోడల్‌ని దానిష్టానికి పోనివ్వగలిగితే సగం పని అయినట్టే.

మొట్టమొదటిదానికి ఏ గ్లైడర్ తీసుకోవాలి?

2 మీటర్ల రెక్క, ఈపీఓ ఫోమ్, ముక్కులో ఎలక్ట్రిక్ మోటార్, తోకలో ఉండే రడ్డర్ (పక్కలకు తిప్పే పలక), ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ చేసే పలక) రెండిటితో తిరిగేది, రెక్కలు కొనల దగ్గర పైకి వంగి ఉండేది. రేడియన్ లాంటివి ఈ లెక్కకు సరిపోతాయి. రెక్క కొనలు పైకి వంగి ఉంటే మోడల్ తనంతట తాను లెవెల్‌కు వస్తుంది, నెమ్మదిగా పోతుంది, మీకు ఆలోచించుకునే టైం ఇస్తుంది. దూరంగా పోయినా 2 మీటర్ల రెక్క కంటికి కనపడుతుంది, మీటరుదైతే కనపడదు.

యూట్యూబ్‌లో చూసి చేత్తో గిర్రున తిరిగి విసిరే డీఎల్‌జీ కావాలంటారు చాలామంది. దాని రెక్క మీటరున్నర, పోటీ రూల్‌లో ఎఫ్3కె అంటారు, నాకు ప్రాణం అది. కానీ కొత్తవాళ్ళు విసిరితే 20, 25 మీటర్లు కూడా లేవదు, ఆ ఎత్తులో తప్పు దిద్దుకునేంత టైం ఉండదు. రెండో మోడల్‌గా తీసుకోండి. యుద్ధ విమానం లాంటివి, జెట్ లాంటివి అసలొద్దు.

మోటార్ ఉంటే అది గ్లైడర్ ఎట్లా అవుతుంది, మోసం చేసినట్టు కాదా?

కాదు. మోటార్ పని పైకి తీసుకుపోయేంత వరకే, ఆపినాక ప్రొపెల్లర్ రెక్కలు వెనక్కి మడుచుకుంటాయి. ప్రపంచ స్థాయిలో ఎఫ్5జె అని ఒక పోటీ క్లాసే ఉంది, అందులో మోటార్‌ని 30 సెకన్లకు మించి వాడనివ్వరు, ఎంత ఎత్తులో ఆపినారో మోడల్‌లో ఉండే చిన్న పరికరం రాసిపెడుతుంది, 200 మీటర్ల వరకు మీటరుకు అర పాయింటు చొప్పున కోత పడుతుంది, ఆపైన మీటరుకు 3 పాయింట్లు. అంటే తక్కువ ఎత్తులో ఆపి ఎక్కువసేపు ఉన్నవాడే గెలిచేది. రబ్బరు ట్యూబు, తాడు కట్టి లాగి వదిలే హైస్టార్ట్ పద్ధతీ ఉంది, బాగుంటుంది, కానీ దానికి పొడుగాటి ఖాళీ నేల, పరిగెత్తే ఓపిక రెండూ కావాలి.

మొత్తం ఎంతవుతుంది?

మోడల్, 6 ఛానెల్ రేడియో, రెండు 3 సెల్ లైపో బ్యాటరీలు, ఛార్జర్ కలిపి నాకు ఒక మంచి స్మార్ట్‌ఫోన్ ఖరీదు అయింది. రేడియోలో పొదుపు చేయొద్దు, మోడళ్ళు మారుతా ఉంటాయి, రేడియో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఛార్జర్ అన్ని సెల్లుల్నీ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జరే కావాలి. ఖర్చు పెట్టకముందు ఒక నెల పికాసిమ్ లాంటి ఉచిత సిమ్యులేటర్‌లో ఆడుకోండి.

## ఎక్కడ, ఎప్పుడు

తిరుపతిలోనే యూనివర్సిటీ వైపు ఏదో ఒక గ్రౌండ్‌లో ఎగరేసుకోవచ్చా?

నేను ఎగరేయను, మీరూ వద్దు. రేణిగుంటలో ఎయిర్‌పోర్ట్ ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం ఎయిర్‌పోర్ట్ హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల పర్మిషన్ లేకుండా ఏదీ ఎగరేయకూడదు, 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే, ఆ బయట గ్రీన్ జోన్‌లో (ముందుగా పర్మిషన్ అక్కర్లేని చోట) 400 అడుగులు, అంటే 120 మీటర్లు. మన ఊరి తూర్పు వైపు ఆ వలయాల్లోనే పడుతుంది. సరదాకు ఎగరేసే మోడల్‌ని కంటిచూపు దాటనీకూడదు. సొంత సరదాకైతే 2 కిలోల లోపు మోడల్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, 2 మీటర్ల ఫోమ్ గ్లైడర్ కిలో లోపలే ఉంటుంది.

కాబట్టి పడమటికి రండి. చంద్రగిరి దాటి పాకాల వైపు పోతే కోత అయిపోయిన శెనక్కాయ చేన్లు, బీళ్ళు బోలెడు. బయల్దేరేముందు ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో ప్రతిసారీ చూసుకోండి, పోయిన నెల చూసినాం గదా అనుకోవద్దు, జోన్లు మారుతాయి.

శేషాచలం అంచున గాలి కొండకు కొట్టుకొని లేస్తుంది గదా, ఆడికి పోతే ఈజీ కాదా?

లేచేది నిజమే. కానీ ఆ కొండలు శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్, పైన తిరుమల. తిరుమల మీద డ్రోన్ గానీ మోడల్ గానీ ఏదీ ఎగరేయకూడదు, భద్రతకు భద్రత, భక్తికి భక్తి. ఒక్కరు చేసిన పనికి జిల్లాలో మోడళ్ళు ఎగరేసే అందరికీ చెడ్డపేరు వస్తుంది. దయచేసి అలిపిరి చుట్టుపక్కల రేడియో బయటికి తీయొద్దు.

ఏ నెలలో మొదలుపెడితే మంచిది? రోజులో ఏ టైం?

నన్నడిగితే జనవరి చివర నుంచి మార్చి మధ్య వరకు. శెనక్కాయ పీకేసి చేన్లు ఖాళీగా ఉంటాయి, గాలి మెత్తగా ఉంటుంది, పొద్దున తొమ్మిదిన్నర, పదికి చిన్న చిన్న థర్మల్స్ మొదలై 12 లోపల చక్కగా ఆడుకోనిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటినప్పుడు థర్మల్స్ చాలా గట్టివి, పక్కనే దిగే గాలి కూడా అంతే గట్టిది, సుడిగాలులు లేస్తాయి, కొత్తవాళ్ళ చేతిలో ఫోమ్ మోడల్ విరిగేది ఎక్కువ ఆ టైంలోనే. ఆ నెలల్లో పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిలోపల ముగించుకోండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి జోరు, థర్మల్ దొరికినా గాలి దాన్ని చింపేసి పక్కకు ఈడ్చుకుపోతుంది. మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, నేల తడిగా ఉంటే ఎండంతా తడి ఆర్పడానికే సరిపోతుంది, గాలి వేడెక్కదు. వాన వెలిసి నాలుగు రోజులు కాసినాక మాత్రం ఆకాశం కడిగినట్టుంటుంది, ఆ రోజులు వదులుకోవద్దు.

పొలం వాళ్ళు ఏమన్నా అంటారా?

అడిగితే ఏమనరు. అడగకుండా చేన్లో బండి పెడితే అంటారు, అనాలి కూడా. మేం పోయే బీడు ఒక పెద్దాయనది, మొదటిరోజు పోయి "పెద్దాయనా, ఇట్లా చిన్న విమానం ఎగరేసుకుంటాం, పైరులోకి దిగం" అని చెప్పినాం, ఇప్పుడు ఆయనే మా కోసం మజ్జిగ చెంబు పెట్టుకొని కూర్చుంటాడు. పైరు మీద ఉండే చేన్లోకి, వరి మడిలోకి మోడల్ కోసం కూడా అడగకుండా అడుగు పెట్టొద్దు. మేకలు, ఆవులు ఉంటే వాటిపైన ఎగరేయొద్దు, బెదిరి పరిగెత్తుతాయి. హై టెన్షన్ లైను కనుచూపు మేరలో ఉంటే ఇంకో చోటు వెతుక్కోండి.

## మొదటి ఎగరవేతలు

సీజీ సీజీ అంటారు, ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

చాలా అవుతుంది. సీజీ అంటే మోడల్‌ని రెక్క కింద రెండు వేళ్ళ మీద పెడితే సమంగా నిలబడే చోటు. ముక్కు బరువైతే మొండిగా ఉంటుంది, లిఫ్ట్ (పైకి లేచే గాలి) తగిలినా మీకు చెప్పదు. తోక బరువైతే ఉన్నట్టుండి స్టాల్ అయ్యి స్పిన్‌లోకి పోతుంది, అంటే గిర్రున తిరుగుతా పడిపోతుంది, కొత్తవాళ్ళకు ప్రమాదం అదే. మాన్యువల్‌లో చెప్పిన గుర్తుకు రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకే పెట్టి మొదలుపెట్టండి. నాకు మొదటి మోడల్ సెకండ్‌హ్యాండ్‌లో అమ్మినాయన మాన్యువల్ ఇవ్వలేదు, పెద్ద బ్యాటరీ వెనక్కి తోసి ఇచ్చినాడు, నేనూ అట్లానే ఎగరేసి మూడో రోజుకు ముక్కు విరగ్గొట్టుకున్నా.

చెక్ చేసేది ఇట్లా: మంచి ఎత్తులో, రెక్కలు లెవెల్‌గా ఉన్నప్పుడు ముక్కు కొంచెం కిందికి దించి స్టిక్ వదిలేయండి. గబుక్కున పైకి లేస్తే ముక్కు బరువు, ఇంకా ఇంకా కిందికి పోతా ఉంటే తోక బరువు (వెంటనే పట్టుకోండి), మెల్లిగా తనంతట తాను లెవెల్‌కు వస్తే సరిగ్గా ఉన్నట్టు.

నావైపుకు వచ్చేటప్పుడు ఎడమ కుడి తారుమారైపోతాంది, ఏం చేసేది?

అందరికీ అవుతుంది. చిట్కా ఒకటుంది: మోడల్ మీకు ఎదురుగా వస్తా ఉంటే ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే స్టిక్ తోయండి, కింద కర్ర పెట్టి రెక్కను లేపినట్టు. అంతే, లెవెల్ అవుతుంది. ఇది ఆలోచించకుండా చేతికి వచ్చేదాకా సిమ్యులేటర్‌లో చేయండి, అక్కడ విరిగితే డబ్బులు పోవు.

చేత్తో విసిరేటప్పుడు నేలకు కొడతాంది, గట్టిగా విసరాలా?

గట్టిగా కాదు, సమంగా. గాలికి ఎదురు నిలబడి, రెక్కలు లెవెల్‌గా, ముక్కు కొంచెం కూడా పైకెత్తకుండా, ఈటెను వదిలినట్టు నేరుగా తోయండి. ముక్కు పైకెత్తి విసిరితేనే స్టాల్ అయ్యి తలకిందులు పడేది. మోటార్‌తో అయితే ముందు ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, వేళ్ళు ప్రొపెల్లర్‌కు దూరంగా పెట్టుకొని వదలండి. విసిరేముందు ప్రతిసారీ స్టిక్ కదిపి రడ్డర్, ఎలివేటర్ సరైన వైపుకే తిరుగుతున్నాయా చూడండి, ఆ రోజు తొలి ఫ్లైట్ అయితే రేంజ్ చెక్ (రేడియో సిగ్నల్ దూరానికి అందుతుందా అని చూడటం) కూడా. సిగ్నల్ పోతే మోటార్ ఆగిపోయేట్టు ఫెయిల్‌సేఫ్ సెట్ చేసుకోండి.

## థర్మల్ వెతకడం

థర్మల్ కంటికి కనపడదు గదా, యాడుందో ఎట్లా తెలుస్తుంది?

అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగేది ఇదే, నాకు బాగా ఇష్టమైనదీ ఇదే. కొత్తవాళ్ళు మోడల్‌నే చూస్తారు. చూడాల్సింది చుట్టూ ఉండే గాలిని, నేలని.

ముందు నేల. దున్నేసిన ఎర్రనేల, బండ, తారు రోడ్డు, ఇటుకబట్టీ, ఎండిన కల్లం, ఇవి తొందరగా కాగుతాయి. చెరువు, వరి మడి, చెరుకు తోట, మామిడి తోట చల్లగా ఉంటాయి. కాగే చోటు, చల్లటి చోటు ఆనుకొని ఉండే అంచు దగ్గర గాలి విడిపోయి లేచేది ఎక్కువ. గాలి వీచే దిక్కున చేను చివర చెట్ల వరస ఉంటే, నేల మీద పాకే వేడిగాలి దానికి తట్టుకొని లేస్తుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత కథ తిరగబడుతుంది, చేన్లు చల్లారిపోతాయి, పగలంతా వేడి దాచుకున్న మామిడి తోట మెల్లిగా వదులుతుంది, దాని మీద మెత్తటి లిఫ్ట్ దొరుకుతుంది.

తర్వాత గాలి. ఒక కర్ర నాటి తల ఎత్తున సన్నటి రిబ్బన్ గానీ ఊలు దారం గానీ కట్టండి. థర్మల్ లేచేచోటు చుట్టుపక్కల గాలిని తనవైపుకు లాక్కుంటుంది. మీరు గాలికి ఎదురుగా నిలబడి ఉండగా ముఖానికి తగిలే గాలి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే థర్మల్ మీ ఎదుట ఉంది. ఎప్పుడూ కంటే జోరుగా తగిలిందంటే మీ వెనక ఉంది. గాలి ఎడమనుంచి రావడం మొదలైతే కుడివైపు వెతకండి. థర్మల్ మిమ్మల్ని దాటిపోయేటప్పుడు మెడకు కొంచెం వెచ్చగా తగిలి, ఆ వెంటనే చల్లటి గాలి ఒకటి కొడుతుంది, నాలుగు రోజులు గమనిస్తే మీకే తెలుస్తుంది.

నేను తొలిసారి నిజంగా థర్మల్ పట్టింది ఫిబ్రవరిలో ఒకరోజు, పదకొండు కావస్తా ఉంది. గట్టు మీద జిల్లేడు చెట్టు, కాయలు పగిలి దూది బయటికి వేలాడతా ఉంది. గాలి ఆగిపోయింది. రిబ్బన్ కర్రకు అతుక్కొని నిలబడి, మెల్లిగా తిరిగి వెనక్కి చూపించింది. అంతలో ఒక దూది పింజ, గింజతో సహా, నా మోకాలి ఎత్తు నుంచి కదిలి తలదాటి పైకి పోయింది, దాని వెనక ఇంకో రెండు. కంది మోడు పక్కన ఎండాకు ఒకటి నిలువుగా లేచి గిర్రున తిరిగింది. నేను మోడల్‌ని తీసుకొచ్చి ఆ దూది పోయిన దారి మీద పెట్టినా, అప్పటికి అది 40 మీటర్ల ఎత్తులో ఉండి దిగుతా ఉంది, ఇంక దించేద్దాం అనుకున్నదే. తోక లేచింది. రెండు రౌండ్లకు దిగడం ఆగింది, ఐదో రౌండుకు పైకి పోతా ఉంది. నోట మాట రాలేదు.

గద్దలు తిరిగే చోటికి పోతే సరిపోతుందా?

రెక్క ఆడించకుండా తిరుగుతా ఉంటే, పైకి పోతా రౌండు రౌండుకు పక్షి చిన్నగా కనపడతా ఉంటే, వెంటనే పోండి, దానికంటే నమ్మకమైన గుర్తు లేదు. రెక్కలు కొడతా పోతా ఉంటే దానికీ లిఫ్ట్ లేదనే అర్థం. పోయినాక అది ఏ వైపు తిరుగుతా ఉందో మీరూ ఆ వైపే తిరగండి, ఎదురు తిరిగితే ఢీకొంటారు. తెల్లటి తల, ఇటుకరంగు రెక్కల గరుడపక్షి కూడా మన చెరువుల వైపు ఎక్కువ, అదీ ఇదే పని చేస్తుంది. తూనీగలు గుంపుగా ఒకచోట ఎగురుతా ఉన్నా చూడండి, పైకి లేచే గాలి చిన్న పురుగుల్ని మోసుకుపోతుంది, వాటి కోసమే అవి చేరేది. పక్షి మీ మోడల్ మీదికి దూకుతా ఉంటే మాత్రం అది దాని గూడు ఉండే చోటు, వదిలేసి పక్కకు వచ్చేయండి.

మోడల్ లిఫ్ట్‌లోకి పోయిందని దాన్ని చూసి ఎట్లా కనిపెట్టేది?

మీరేం చేయకుండానే దాని నడక మారుతుంది. తోక కొంచెం లేస్తుంది, ఊపు వస్తుంది, ఎవరో వెనకనుంచి తోసినట్టు. దిగే గాల్లో అయితే తోక వేలాడేసుకొని, ఈదలేక ఈదుతున్నట్టు పోతుంది. ఒక రెక్క కొన ఉన్నట్టుండి పైకి ఎగసిందంటే థర్మల్ ఆ రెక్క వైపు ఉంది, మోడల్ మాత్రం దానికి దూరంగా పక్కకు తిరగాలని చూస్తుంది, మీరు దాన్ని లేచిన రెక్క వైపుకే తిప్పాలి. ఇదంతా కనపడాలంటే మోడల్ ట్రిమ్ (స్టిక్ వదిలినా నేరుగా పోయేట్టు చేసే సర్దుబాటు) సరిగ్గా ఉండాలి, స్టిక్స్ ఊరికే ఉండాలి. మీరే కదుపుతా ఉంటే ఏది గాలి చేసిందో ఏది మీరు చేసిందో తెలియదు.

వేరియో పెట్టుకుంటే తొందరగా వస్తుందా?

వేరియో అంటే మోడల్ లేస్తా ఉందా దిగుతా ఉందా అని రేడియోలో కూత పెట్టి చెప్పేది. మంచి పరికరమే, నా దాంట్లో ఉంది. కానీ తొలి నెల ఆపేసి పెట్టండి. అది చెప్పేది మోడల్ ఉన్నచోటి సంగతి, పక్కన యాడుందో చెప్పదు, చెవికి అలవాటు పడితే కన్ను గాలిని చదవడం మానేస్తుంది. ఎత్తు అలారం మాత్రం మొదటిరోజు నుంచే పెట్టుకోండి, 110 మీటర్లకు.

మేఘాలు చూసి ఏమన్నా తెలుస్తుందా?

అడుగు చదునుగా, పైన దూదిలా పొంగే మేఘం ఒక థర్మల్ పైకొస. పొంగుతా ఉంటే కింద లిఫ్ట్ బతికే ఉంది, అంచులు చిరిగి పలచబడిపోతా ఉంటే అయిపోయింది. పైకి పోయేకొద్దీ పొడిగాలి ప్రతి 1000 మీటర్లకు 10 డిగ్రీల దగ్గర దగ్గర చల్లారుతుంది, చల్లారి చల్లారి తేమ నీళ్ళుగా మారే చోట మేఘం అడుగు ఏర్పడుతుంది. లెక్క తేలిక: ఎండ 36, వెదర్ యాప్‌లో డ్యూ పాయింట్ (గాల్లో తేమ నీళ్ళుగా మారే ఉష్ణోగ్రత) 20 ఉందనుకోండి, తేడా 16, దాన్ని 125తో హెచ్చిస్తే 2000 మీటర్లు. అంత ఎత్తు మనకు అక్కర్లేదు గానీ ఆ రోజు గాలి ఎంత బలంగా లేస్తుందో ఒక అంచనా వస్తుంది. పాకాల పోయే దారిలో గాదంకి దగ్గర నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లాబొరేటరీ ఉంది గదా, అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పైగాలుల్ని చదువుతా ఉంటుంది. మనం రిబ్బన్ కట్టి చదివే గాలిని వాళ్ళు కిలోమీటర్ల ఎత్తు దాకా చదువుతారు, అది మన జిల్లాల మధ్యనే ఉందంటే నాకు ఎప్పుడూ గర్వమే.

## థర్మల్‌లో తిరగడం

దొరుకుతాంది, కానీ రెండు రౌండ్లకే పోతాంది. ఎందుకు?

నూటికి తొంభై మంది రౌండు మరీ పెద్దది తిప్పుతారు. మోడల్ సెకనుకు 8 మీటర్ల స్పీడ్‌తో పోతా 15 డిగ్రీలు వాలితే రౌండు అడ్డం దాదాపు 50 మీటర్లు వస్తుంది, 30 డిగ్రీలు వాలితే 23 మీటర్లు. మన తక్కువ ఎత్తులో థర్మల్ ఇంకా సన్నగానే ఉంటుంది, 50 మీటర్ల రౌండులో సగం లోపల, సగం బయట దిగే గాల్లో పోతారు. భయపడకుండా 30 డిగ్రీలు వాల్చండి, ముక్కు కిందికి పడకుండా ఎలివేటర్ పిసరంత పట్టుకోండి, రౌండుకు 9 సెకన్లు పడితే సరిగ్గా తిరుగుతున్నట్టు, మనసులో లెక్కపెట్టుకోండి.

తర్వాత నడిమిని వెతకాలి. రౌండులో ఏ వైపు బాగా లేస్తా ఉందో చూసి, తర్వాతి రౌండులో ఆ వైపుకు ఒక సెకను లెవెల్ చేసి జరిగి మళ్ళీ వాల్చండి. ప్రతి రౌండులో ఒక్కసారే, కొంచెమే. ఒకసారి కుడికి మొదలుపెట్టినాక మధ్యలో ఎడమకు మార్చొద్దు, మార్చేలోపల థర్మల్ చేజారిపోతుంది. కొందరికి ఒక వైపే బాగా వస్తుంది, ఆదివారం ఒకటి రాని వైపే తిప్పుతా గడపండి.

తిరుగుతా తిరుగుతా దూరంగా కొట్టుకుపోతాంది, ఎంత దూరం పోనివ్వొచ్చు?

థర్మల్ గాలితో పాటు పోతుంది, దాంతో మోడల్ పోవాల్సిందే, మీరు నేల మీద ఒక చెట్టును పెట్టుకొని దాని చుట్టే తిప్పితే థర్మల్ మిమ్మల్ని వదిలి వెళ్ళిపోతుంది. సెకనుకు 3 మీటర్ల గాలి ఉంటే 9 సెకన్ల రౌండుకు 27 మీటర్లు జరుగుతారు, ఐదు నిమిషాలకు 900 మీటర్లు. అంత దూరంలో మోడల్ ఎటు తిరిగిందో కంటికి ఆనదు. నా హద్దు 350 మీటర్లు, మీరు 250 పెట్టుకోండి, ఆ దూరానికి ముందే ఒక చెట్టు గానీ కరెంటు స్తంభం గానీ గుర్తు పెట్టుకోండి. వెనక్కి వచ్చేటప్పుడు గాలి ఎదురు, థర్మల్ వెనకాల దిగే గాలి కూడా ఉంటుంది, ముక్కు కొంచెం దించి స్పీడ్‌గా రండి, నెమ్మదిగా తేలుతా వద్దామనుకుంటే మధ్యలోనే దిగిపోతుంది. అందుకే ఎప్పుడూ గాలి వచ్చే వైపుకు పోయి వెతకడం మొదలుపెట్టాలి.

120 మీటర్లు దాటిపోయేట్టుంది, ఆపలేకపోతున్నా. ఏం చేయాలి?

110 అలారం మోగగానే రౌండు విప్పేసి నేరుగా బయటికి వచ్చేయండి, థర్మల్ పక్కనే దిగే గాలి ఉంటుంది, అదే కిందికి తెస్తుంది. ఫ్లాప్స్ గానీ స్పాయిలర్స్ గానీ (రెక్కకు ఉండి, తెరిస్తే మోడల్‌ని కిందికి దించే పలకలు) ఉంటే తెరవండి. ముక్కు నిలువుగా దించి డైవ్ కొట్టొద్దు, స్పీడ్ ఎక్కువై రెక్కలు వణికి విరుగుతాయి. మంచి థర్మల్‌ని వదులుకోవడం మొదట్లో ప్రాణం పోయినట్టే ఉంటుంది, నాకు తెలుసు. కానీ పైన మనుషులు కూర్చున్న విమానాలు తిరుగుతాయి. పైగా 50 మీటర్లకు దిగి మళ్ళీ పట్టడమే అసలు ప్రాక్టీసు, ఆ హద్దు వల్లే మన వైపు వాళ్ళకు తక్కువ ఎత్తులో థర్మల్ పట్టే కన్ను వస్తుంది.

## దిగడం, ఇతర కష్టాలు

ల్యాండింగ్‌కు ఎంత ఎత్తులో రెడీ అవ్వాలి?

నేర్చుకునేవాళ్ళు 30 మీటర్లకు వచ్చినాక ఇంక థర్మల్ వెతకొద్దు. గాలి వెనకనుంచి తోసేట్టు మీ పక్కగా దాటించి, తిప్పి, గాలికి ఎదురుగా దించండి. నేల దగ్గరికొచ్చినాక రెక్కలు లెవెల్‌గా ఉంచడమే పని, తిప్పాలని చూడొద్దు. చేత్తో పట్టుకోవాలని ముందుకు దూకొద్దు.

చెరుకు తోటలో పడిపోయింది, కనపడటం లేదు!

కదలకండి. పడింది చూసిన చోటే నిలబడి, ఆ దిక్కున దూరంగా ఉండే ఒక గుర్తును, అంటే తాటిచెట్టో నీళ్ళ ట్యాంకో, కళ్ళతో పట్టుకోండి. ఒకరు అక్కడే నిలబడి చెయ్యి చూపిస్తే ఇంకొకరు ఆ గీత మీద నడవాలి. రేడియో ఆఫ్ చేయొద్దు, స్టిక్ కదిపితే సర్వో (రడ్డర్, ఎలివేటర్‌ని కదిపే చిన్న మోటార్) శబ్దం వినపడుతుంది. థ్రాటిల్ మాత్రం ముట్టుకోవద్దు, ప్రొపెల్లర్ ఇరుక్కొని మోటార్ కాలిపోయి ఎండుటాకులకు అంటుకుంటుంది. చెరుకులో గజం దూరంలో ఉన్నా కనపడదు, మేం ఒకసారి మధ్యాహ్నం మూడు గంటల సేపు తిరిగినాం, చివరికి ఆ తోట ఆయన కూతురు, ఆరో తరగతి పాప, తెల్ల తోక కొన చూసి చెప్పింది. అప్పట్నుంచి చిన్న బజర్ ఒకటి కట్టుకుంటా, తోక కింద నారింజ రంగు టేపు వేసినా.

ఎండలో బ్యాటరీకి, మోడల్‌కు ఏమన్నా అవుతుందా?

అవుతుంది. మన ఎండకు మూసిన కారులో లైపో పెడితే ఉబ్బుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. ఫోమ్ రెక్క కారు వెనక అద్దం కింద పెడితే వంకర పోతుంది, వంకర రెక్కతో ఎంత ట్రిమ్ చేసినా నేరుగా పోదు. రెండూ నీడలో, తెల్ల గుడ్డ కింద. ఎగరేయని వారం సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర పెట్టి దాచండి, నిండా ఛార్జ్ చేసి వదిలేయొద్దు. మీకు టోపీ, కళ్ళద్దాలు, రెండు లీటర్ల నీళ్ళు. సూర్యుడికి అడ్డంగా మోడల్‌ని పోనివ్వొద్దు, ఒక్క క్షణం కళ్ళు చీకట్లు కమ్మితే అది ఎటు తిరిగిందో తెలియదు.

ఎన్నాళ్ళకు వస్తుందన్నా?

వారానికి ఒకరోజు వస్తే పడకుండా ఎగరేయడం నెల, నెలన్నరలో వస్తుంది. తొలి థర్మల్ అదృష్టం కొద్దీ రెండో వారమే తగలొచ్చు, కావాలని వెతికి పట్టడానికి మాత్రం ఒక సీజన్ పడుతుంది. నోటుబుక్ పెట్టుకోండి: టైం, గాలి దిక్కు, ఏ చేను మీద దొరికింది, ఎంతసేపు. మూడు నెలలకు ఏ బీడు ఎన్ని గంటలకు లేస్తుందో మీ దగ్గర మ్యాప్ తయారవుతుంది. గురి కావాలంటే లీగ్ ఆఫ్ సైలెంట్ ఫ్లైట్ అని 1969లో అమెరికాలో మొదలైన ఒక పద్ధతి ఉంది, అందులో మొదటి లెవెల్‌కు థర్మల్‌లో 5 నిమిషాలు, చివరిదైన ఐదో లెవెల్‌కు 2 గంటలు ఉండాలి. మోటార్ ఆపినప్పటి నుంచి వాచీ పెట్టి ముందు ఆ 5 నిమిషాలు కొట్టండి. కొట్టిన రోజు ఫోన్ చేయండి, రాత్రి 11 అయినా ఫర్వాలేదు.